టర్మ్ పాలసీయా, హోల్ లైఫ్ పాలసీయా: తేల్చుకోవడం ఎలా?

పాలసీ పేర్ల జోలికి వెళ్లకముందే ఒక సంగతి తేల్చుకోవాలి. మీ సంపాదన ఆగిపోతే ఇబ్బంది పడేది ఎవరు, ఎన్నేళ్లు? ఆ ఏళ్లకు ముగింపు ఉంటే టర్మ్ పాలసీ, అంటే నిర్ణీత గడువులోపు పోతేనే కుటుంబానికి సొమ్ము వచ్చే జీవిత బీమా, చాలు. ముగింపు లేకపోతేనే హోల్ లైఫ్, అంటే జీవితాంతం అమల్లో ఉండే బీమా, సంగతి ఆలోచించాలి.

ముందు ఎంత కావాలో లెక్కవేయండి. ఇంటి ఏడాది ఖర్చులోంచి మీ సొంత ఖర్చు తీసేసి, ఆఖరి బిడ్డ సంపాదనలో పడేదాకా ఎన్నేళ్లో అన్నేళ్లతో హెచ్చవేయండి. అప్పులు, చదువులు కలపండి. పొదుపు, ఇప్పటికే ఉన్న బీమా తీసేయండి. ఏడాదికి 6 లక్షల చొప్పున 18 ఏళ్లకు 108 లక్షలు, అప్పు 25, చదువులు 20 అనుకుంటే మొత్తం 153. పొదుపు 30 ఉంటే కావలసిన బీమా 123 లక్షలు. ధరల పెరుగుదల ఇందులో లేదు కాబట్టి కాస్త ఎక్కువకే తీసుకోండి.

ఇంత మొత్తానికి హోల్ లైఫ్ ప్రీమియం టర్మ్ కంటే ఎన్నో రెట్లు ఉంటుంది. టర్మ్‌లో చాలామంది గడువు దాటి బతుకుతారు, కంపెనీ వారికి చెల్లించేదేమీ ఉండదు. హోల్ లైఫ్‌లో నిలబెట్టుకున్న ప్రతి పాలసీకీ ఎప్పుడో ఒకప్పుడు సొమ్ము ఇచ్చి తీరాలి. అందుకే మొదటి ఏళ్లలో ఎక్కువ వసూలు చేసి నిధి కూడబెడతారు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: ప్రీమియం భరించలేక 123 లక్షలు కావలసినచోట 15 లక్షల హోల్ లైఫ్‌తో సరిపెట్టుకుంటారు. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ముఖ్యం బీమా మొత్తమే. దాన్ని తగ్గించుకోవద్దు.

టర్మ్ తీసుకుంటే గడువును అప్పు తీరే ఏడు, పిల్లలు స్థిరపడే ఏడు, ఈ రెండింటిలో ఏది వెనక వస్తే అప్పటిదాకా పెట్టండి. పదేళ్లకే తీసుకుని తర్వాత పొడిగిద్దామనుకుంటే, అప్పటి వయసు ప్రకారం ప్రీమియం బాగా పెరుగుతుంది. ఈలోపు జబ్బు చేస్తే కొత్త పాలసీ దొరకకపోవచ్చు కూడా. అందుకే మళ్లీ వైద్య పరీక్ష లేకుండా హోల్ లైఫ్‌కు మార్చుకునే వీలుందా, ఏ వయసు దాకా ఉందో అడగండి.

హోల్ లైఫ్ నిజంగా అవసరమయ్యేది జీవితాంతం ఒకరి మీద ఆధారపడే బిడ్డ ఉన్నప్పుడు, లేదా ఎప్పుడు పోయినా మీ వాటాను వారసుల నుంచి కొనడానికి వ్యాపార భాగస్వామి చేతిలో నగదు ఉండాల్సి వచ్చినప్పుడు. తీసుకునేముందు కంపెనీ ఇచ్చే పట్టికలో హామీ ఉన్న అంకెలనే చూడండి, బోనస్ (కంపెనీ లాభాల్లోంచి కలిపే సొమ్ము) అంచనాలు తప్పవచ్చు. మొదటి ఏళ్లలో సరెండర్ చేస్తే, అంటే పాలసీ వదులుకుని డబ్బు వెనక్కి తీసుకుంటే, కట్టినదానికంటే చాలా తక్కువ వస్తుంది. పాలసీ మీద అప్పు తీసుకుని తీర్చకపోతే, వడ్డీతో సహా ఆ బాకీని కుటుంబానికి వచ్చే సొమ్ములోంచి కోస్తారు. బాకీ సరెండర్ విలువను మించితే పాలసీయే రద్దు కావచ్చు.

రెండు అవసరాలూ ఉంటే శాశ్వత అవసరానికి సరిపడా చిన్న హోల్ లైఫ్, మిగతాదానికి పెద్ద టర్మ్ కలిపి తీసుకోండి.

దరఖాస్తులో పొగతాగే అలవాటు, పాత జబ్బులు దాచవద్దు. క్లెయిమ్ తిరస్కరించడానికి అదే కారణం కావచ్చు. పాత పాలసీ మార్చుతుంటే, కొత్తది అమల్లోకి వచ్చినట్టు రాతపూర్వకంగా చేతికి అందేదాకా పాతదాని ప్రీమియం ఆపవద్దు.