అడవి పక్కన ఇల్లు, ఇంట్లో కుక్క: రెండు వైపులా క్షేమంగా ఉండాలంటే ఎలా?

నల్లమల అంచున దోర్నాల, ఆత్మకూరు, మన్ననూరు వైపు గానీ, శేషాచలం కొండల కింద తిరుపతి శివారు కాలనీల్లో గానీ ఇల్లు కట్టుకున్నవాళ్లు చాలామంది ముందుగా కాపలాకి ఒక కుక్కను తెచ్చుకుంటారు. దొంగల సంగతి వరకు అది మంచి ఆలోచనే. చిరుత దగ్గరికి వచ్చేసరికి లెక్క తలకిందులవుతుంది. ఊళ్ల చుట్టుపక్కల తిరిగే చిరుతకు కుక్క సులువుగా దొరికే తిండి. మహారాష్ట్రలోని అకోలె ప్రాంతంలో చిరుతల మలాన్ని పరిశీలిస్తే, అవి తినేవాటిలో అన్నిటికన్నా పెద్ద వాటా కుక్కలదేనని తేలింది. అందుకని రాత్రి కాపలా పని కుక్కకు అప్పగించకండి.

ముందు రాత్రికి చోటు చూడండి

చీకటి పడకముందే కుక్క లోపలికి వచ్చేయాలి. ఇంట్లోనే ఒక మూల పడుకోనిస్తే అంతకు మించింది లేదు. కుదరకపోతే బయట గట్టి గూడు కట్టించండి. ఆరడుగుల ప్రహరీ చిరుతకు అడ్డే కాదు, ఒక్క గెంతులో దాటేస్తుంది. కాబట్టి గూటికి పైకప్పు తప్పనిసరి.

జాలీ కొనేటప్పుడు చాలామంది కన్నాల సైజు పట్టించుకోరు. కన్నాలు పెద్దవైతే చిరుత పంజా లోపలికి దూరుతుంది. రెండంగుళాలకు మించకుండా, గట్టి వెల్డింగ్ జాలీ తీసుకోండి. చలికాలంలో కుక్క ఎప్పుడూ ఒక పక్కకి ఆనుకుని ముడుచుకుంటుంది కదా, అందుకే కింద మూడడుగుల మేర ఇటుక గోడ లేపి, ఆ పైన జాలీ బిగిస్తే నిశ్చింత. గోనెపట్టా గూడు మధ్యలో వేయండి. తలుపుకి ఉత్త కొక్కెం చాలదు, తాళం పడే గడియ పెట్టించండి.

ఇక గొలుసు. వరండా స్తంభానికి కట్టేసిన కుక్క పారిపోలేదు, దాక్కోలేదు. అడవి దగ్గర రాత్రిపూట కుక్కను ఆరుబయట కట్టేయడానికి నేను ఏ మినహాయింపూ ఒప్పుకోను. నడిరాత్రి అది ఒంటేలుకని గునిస్తే, ముందు లైటు వేసి, టార్చితో చెట్ల కింద, గోడ మీద చూసి, ఆ తర్వాతే తలుపు తీయండి. మీరూ వెంటే ఉండండి.

ఇంటి చుట్టూ తిండి మిగలనివ్వకండి

కుక్క తినగా మిగిలిన పెరుగన్నం గిన్నె తెల్లారేదాకా వాకిట్లో ఉంటే అడవి పందులు, పునుగు పిల్లులు, నక్కలు దారి పడతాయి. తినడం అవ్వగానే గిన్నె కడిగి లోపల పెట్టేయండి. ఇంతకన్నా పెద్ద సమస్య ఊరి చివర పారబోసే కోళ్ల వ్యర్థాలు. వాటికోసం వీధికుక్కలు చేరతాయి, ఆ కుక్కల కోసం చిరుత వస్తుంది. మీ ఒక్క ఇంటి జాగ్రత్తతో ఇది ఆగదు. నలుగురూ కలిసి పంచాయతీ చేత ఆ చెత్త ఎత్తించాల్సిందే. పెరట్లో పనస, మామిడి, సీతాఫలం ఉంటే రాలిన పళ్లు సాయంత్రంలోగా ఏరేయండి. ఎలుగుబంటి ఆ వాసనకే వస్తుంది.

షికారుకి తాడు వదలకండి

పొద్దెక్కాక వెళ్లి, పొద్దు వాలకముందే తిరిగి రండి. కుక్క తాడు మీ చేతిలోనే ఉండాలి. వదిలేసిన కుక్క పొదలో ఎలుగుబంటిని చూస్తే మొరుగుతుంది, అది తిరగబడగానే భయపడి యజమాని దగ్గరికే పరిగెత్తుకొస్తుంది. వెనకాలే ఎలుగుబంటి! శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడితోటలకు వెళ్లేవాళ్లకు ఎలుగుబంట్ల దాడులు కొత్త కాదు. దానికి చూపు తక్కువ, దగ్గరగా ఉలిక్కిపడితే మీద పడుతుంది. పుట్టలు, గుబురు పొదలు ఉన్నచోట కాస్త గట్టిగా మాట్లాడుకుంటూ నడిస్తే అదే ముందుగా తప్పుకుంటుంది.

అడవి పందుల కోసం పొలాల్లో పెట్టే ఉచ్చులు, కరెంటు తీగలు కుక్కల్నీ మనుషుల్నీ కూడా బలితీసుకుంటున్నాయి. అదొక్కటి చాలు తాడు వదలకపోవడానికి. మరో సంగతి, గడ్డిలో దాక్కున్న దుప్పి పిల్లకు మీ కుక్కే పెద్ద గండం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కుక్కలతో తరిమించి పట్టడం కూడా వేటే.

దారిలో బురద ఉంటే అడుగులు చూడటం అలవాటు చేసుకోండి. కుక్క అడుగులో గోళ్ల గుర్తులు పడతాయి. చిరుత గోళ్లు ముడుచుకుని నడుస్తుంది కాబట్టి నాలుగు గుండ్రటి వేళ్లు, వెడల్పాటి అరికాలు మాత్రమే కనిపిస్తాయి. కొండముచ్చులు ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టినా, ఎప్పుడూ మొరిగే కుక్క తోక ముడిచి మంచం కిందికి దూరినా, తేలిగ్గా తీసుకోకండి.

టీకాలు, పిడుదులు

మూడు నెలల వయసులో రేబిస్ టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం బూస్టర్లు. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు టీకా కూడా మానకండి. ఆ జబ్బు కుక్కల నుంచి అడవి జంతువులకు పాకుతుంది. 2018లో గిర్ అడవిలో సింహాలు చనిపోయినప్పుడు వాటిలో ఈ వైరస్ దొరికింది. షికారు నుంచి రాగానే చెవుల లోపల, వేళ్ల సందుల్లో, తోక కింద పిడుదులు చూసి పట్టకారుతో తీసేయండి, గోళ్లతో నలపొద్దు. కుక్క తిండి మానేసి, జ్వరంతో ముక్కు వెంట రక్తం కారితే అదే రోజు డాక్టరుకి చూపించండి.

మిమ్మల్ని కుక్కో కోతో నక్కో కరిస్తే గాయాన్ని సబ్బునీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోండి.

పాము కాటేస్తే

కుక్క పాముని చూసి తప్పుకోదు, మూతి పెడుతుంది. అందుకే కాటు ఎక్కువగా ముఖం మీదా ముందు కాళ్ల మీదా పడుతుంది. రక్తపింజర కరిస్తే బాగా వాస్తుంది. నాగుపాము, కట్లపాము అయితే కాళ్లు తడబడి ఊపిరి ఆడదు. గట్టిగా కట్టు కట్టడం, కోయడం, పసరు పోయడం వద్దు. నడిపించకుండా ఎత్తుకుని తీసుకెళ్లండి. మనుషులకు వాడే విషం విరుగుడు మందే కుక్కలకూ పనిచేస్తుంది, అది ఏ పశువైద్యశాలలో ఉంటుందో ముందే కనుక్కుని పెట్టుకోండి. పశువుల అంబులెన్స్ నంబరు 1962.

చిరుత ఆవరణలోకి వస్తే

పిల్లల్నీ కుక్కనీ లోపల పెట్టి తలుపులు వేసేయండి. లైట్లన్నీ వెలిగించి, లోపలి నుంచే పళ్లాలు మోగించండి. గేటు తెరిచే ఉంటే అలాగే వదిలేయండి, దారి దొరికితే అది వెళ్లిపోతుంది. రాళ్లు విసరొద్దు, వీడియో కోసం మేడ మీదికి జనాన్ని పిలవొద్దు. జనం చుట్టుముట్టిన చిరుతతోనే ఎక్కువ ప్రమాదం. మీ అటవీ బీటు అధికారి నంబరు ఇప్పుడే అడిగి తీసుకుని, ఇంట్లో అందరి ఫోన్లలోనూ వేయించండి.