రెండంతస్తుల ఇంటికి వైఫై: రౌటర్ కొనే ముందు

ఎవరింటికి వెళ్లినా నేను ముందు అడిగేది, ఫైబర్ కేబుల్ లోపలికి ఎక్కడ వస్తోందని. చాలా ఇళ్లలో హాల్లో టీవీ వెనక. రౌటర్నీ అక్కడే ఇరికించేస్తారు. ఇక పై గదిలో ఆన్‌లైన్ క్లాసంటే పిల్లలకి టెన్షనే.

ఫోన్లో వైఫై అనలైజర్ యాప్ వేసుకుని, తలుపులన్నీ మూసి, గది గదీ తిరగండి. మంచం దగ్గర, చదువుకునే బల్ల దగ్గర ఆగి చూడండి. సిగ్నల్ బలాన్ని యాప్ డీబీఎంలలో చూపిస్తుంది; మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనం. మైనస్ 67 డీబీఎం వస్తే వీడియో కాల్ హాయిగా నడుస్తుంది. మైనస్ 75 అంటే అక్కడ ఇబ్బందే.

రౌటర్లు మామూలుగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రకాల సిగ్నళ్లు పంపుతాయి. వాటిలో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని శ్లాబు బాగా తినేస్తుంది. అందుకే పైన యాక్సెస్ పాయింట్ (అక్కడ వైఫై పంచే ఇంకో పెట్టె) పెట్టి, దానికి రౌటర్ నుంచి క్యాట్ 6 అనే నెట్‌వర్క్ వైరు లాగమంటాను. వైరు లేకుండా సిగ్నల్ అందుకుని మళ్లీ పంపే మామూలు రిపీటర్ పెడితే ఫోన్లో సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, వేగం మాత్రం సగానికి పడిపోతుంది. ఒకే రేడియో అటు వినాలి, ఇటు మళ్లీ చెప్పాలి కదా! ఇల్లు కట్టేటప్పుడే పైకి ఖాళీ పైపు ఒకటి వేయించుకోండి. కరెంటు వైర్ల పైపులో మాత్రం ఈ క్యాట్ 6 వైరుని దూర్చనివ్వకండి.

రౌటర్ సెట్టింగుల్లో 2.4 గిగాహెర్ట్జ్‌కి 1, 6, 11 ఛానళ్లే వాడండి, ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్. కింద 1 పెడితే పైన 6 లేదా 11. అపార్ట్‌మెంట్లో అయితే 5 గిగాహెర్ట్జ్‌లో ఛానల్ వెడల్పు 80 మెగాహెర్ట్జ్ బదులు 40 పెట్టి చూడండి, పక్కింటి సిగ్నళ్ల గోల తగ్గుతుంది.

రౌటర్ సిగ్నల్ పవర్‌ని ఫుల్‌లో పెడితే, మీరు పైకెక్కినా ఫోను కింది రౌటర్నే పట్టుకుని వేలాడుతుంది. మీడియం చాలు. రౌటర్‌కీ, యాక్సెస్ పాయింట్‌కీ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డ్ ఇవ్వండి. టీవీకి మాత్రం వైరే.