ఇంట్లోకి వరద నీరు వస్తే ప్రభుత్వ సాయం పొందడం ఎలా? నష్టం నమోదు నుంచి ఖాతాలో డబ్బు పడేదాకా

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట లాంటి ప్రాంతాలు నీట మునిగాయి. చాలా ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచిపోయాయి. తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాయం ప్రకటించింది. గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన కుటుంబానికి రూ.25 వేలు, పై అంతస్తుల్లో ఉన్న కుటుంబానికి రూ.10 వేలు చొప్పున నేరుగా బ్యాంకు ఖాతాల్లో వేశారు. అయినా "జాబితాలో మా పేరు లేదు" అంటూ ఎంతోమంది అర్జీలు పట్టుకుని తిరగాల్సి వచ్చింది. పేరు ఎక్కడ జారిపోతుందో ముందే తెలిస్తే ఆ తిరుగుడు చాలావరకు తప్పుతుంది.

పింఛనుకో రేషన్ కార్డుకో పెట్టినట్టు దీనికి ఎప్పుడంటే అప్పుడు పెట్టే దరఖాస్తు ఉండదు. వరద తగ్గాక సిబ్బంది ఇంటింటికీ వచ్చి నష్టం రాసుకుంటారు. దాన్నే ఎన్యూమరేషన్ అంటారు. అందులో పేరు ఎక్కితే దాదాపు పని అయినట్టే. ఎక్కకపోతేనే అర్జీ.

నీళ్లు ఉండగా, తీయగానే

ముందు ప్రాణాలు. నీళ్లు గడప దాటేలోపే మెయిన్ ఆఫ్ చేయండి, పిల్లల్నీ పెద్దవాళ్లనీ పైకి పంపండి. సాయం కోసం 112కు గానీ, విపత్తు కంట్రోల్ రూమ్ 1070కు గానీ ఫోన్ చేయండి.

నీళ్లు తీశాక బురద చూస్తే ఎవరికైనా వెంటనే కడిగేయాలనే అనిపిస్తుంది. ఒక్క పావుగంట ఆగి ఫొటోలు తీయండి. గోడమీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో తెలియాలి. డోర్ నంబరు, తడిసిన ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, పరుపులు, బియ్యం, పిల్లల పుస్తకాలు అన్నీ పడాలి. ఒకటి రెండింటిలో ఇంటివాళ్లు ఎవరైనా కనిపిస్తే మంచిది. వాటిని వెంటనే ఊళ్లో ఉన్న బంధువుకు వాట్సాప్‌లో పంపేయండి, ఫోన్ పాడైనా అక్కడ ఉంటాయి. ఆ తర్వాత నిస్సంకోచంగా కడుక్కోండి. సిబ్బంది వచ్చి చూడాలని పిల్లలున్న ఇంట్లో రోజుల తరబడి బురద ఉంచుకోవద్దు. జ్వరాలు వస్తే ఆ ఖర్చు వచ్చే సాయాన్ని మించిపోతుంది.

ఎన్యూమరేషన్ రోజు

పేర్లు ఎక్కువగా పోయేది ఇక్కడే. ఇల్లు ఉండటానికి వీల్లేక కుటుంబమంతా చుట్టాలింటికి వెళ్తుంది, సిబ్బంది వచ్చి చూస్తే తాళం ఉంటుంది. కాబట్టి నమోదు జరిగే రోజుల్లో ఒక్కరైనా ఇంటి దగ్గర ఉండండి. కుదరకపోతే మీ గ్రామ లేదా వార్డు సచివాలయానికి ఫోన్ చేసి చెప్పండి, తలుపు మీద మీ ఫోన్ నంబరు పెద్దగా రాసి అంటించండి, పక్కింటివాళ్లకూ చెప్పి ఉంచండి.

ఆధార్, రైస్ కార్డు (రేషన్ కార్డు), బ్యాంకు పాస్‌బుక్, ఫోన్ దగ్గర పెట్టుకోండి. రాసుకున్నాక వెళ్లనివ్వకుండా ఒకసారి చదివి వినిపించమనండి. మొహమాటపడాల్సిన పని లేదు. ముఖ్యంగా ఏ అంతస్తు అని రాశారో చూడండి. 2024 లెక్కల్లో ఆ ఒక్క గడి తప్పితే కుటుంబానికి రూ.15 వేలు తేడా.

అద్దెకు ఉన్నవాళ్లు "ఇల్లు మాది కాదు కదా" అని వెనక్కి తగ్గకండి. పోయిన సామాను మీది. అగ్రిమెంటు లేకపోతే ఆ చిరునామాతో ఉన్న గ్యాస్ బుక్ అయినా, ఇంటి యజమాని రాసిచ్చిన కాగితమైనా చూపించండి. ఒకే ఇంట్లో వేర్వేరు కార్డులున్న రెండు కుటుంబాలుంటే ఆ సంగతి మీరే చెప్పాలి, అడగకపోతే ఒక్క కుటుంబంగానే రాసుకునే ప్రమాదం ఉంది.

జాబితాలో పేరు లేకపోతే

జాబితాను సచివాలయంలో పెడతారు. పేరు లేకపోయినా, అంతస్తు తప్పు పడినా నోటిమాటగా చెప్పి రాకండి. కాగితం మీద రాసివ్వండి. ఇలా రాస్తే చాలు:

"తహసీల్దార్ గారికి నమస్కారములు. ఫలానా డోర్ నంబరు ఇంట్లో గ్రౌండ్ ఫ్లోర్‌లో మా కుటుంబం అద్దెకు ఉంటోంది. ఫలానా తేదీన మా ఇంట్లోకి నడుము లోతు నీరు వచ్చి సామాను పాడైంది. నమోదుకు వచ్చిన రోజు మేము ఇంట్లో లేనందున మా పేరు జాబితాలో చేరలేదు. దయచేసి విచారణ జరిపి మా పేరు చేర్చవలసిందిగా కోరుతున్నాము. ఫొటోలు, ఆధార్, రైస్ కార్డు, పాస్‌బుక్ నకళ్లు జతచేశాము."

రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదానిమీద సంతకం, తేదీ వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి. అక్కడ పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి, 1100కు ఫోన్ చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. తెలంగాణలో తహసీల్దార్ కార్యాలయంలోనూ, సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలోనూ ఇవ్వాలి.

పేరు ఉన్నా డబ్బు పడకపోతే

ఎక్కువసార్లు కారణం బ్యాంకు ఖాతాకు ఆధార్ సరిగా లింక్ కాకపోవడం. ఆధార్ ద్వారా పంపే డబ్బు పాస్‌బుక్‌లో ఉన్న ఖాతాలోకి కాకుండా ఎన్‌పీసీఐలో (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) చివరిగా లింక్ అయిన ఖాతాలోకి వెళ్తుంది. అది ఎప్పుడో వదిలేసిన పాత ఖాతా కావచ్చు. ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకో తెలుస్తుంది. వానాకాలానికి ముందే ఇది చూసి పెట్టుకోండి.

ఇల్లు కూలినా, పశువులు పోయినా

ఇది సామాను సాయం కిందకు రాదు, విడిగా రాయించాలి. 2022-26 కాలానికి కేంద్రం పెట్టిన ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి రూ.1.20 లక్షలు, కొంత దెబ్బతిన్న పక్కా ఇంటికి రూ.6,500, పోయిన గుడిసెకు రూ.8,000. ఆవు, గేదె అయితే ఒక్కోదానికి రూ.37,500. పశువైద్యుడు చూసి రాసుకునేదాకా కళేబరాన్ని పూడ్చకండి.

మునిగిన బండిని స్టార్ట్ చేయకుండా ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేయండి. స్టార్ట్ చేస్తే ఇంజిన్ పాడై క్లెయిమ్‌లో పేచీ వస్తుంది. థర్డ్ పార్టీ పాలసీకి వరద నష్టం వర్తించదు.

కాగితాలు కొట్టుకుపోయాయని దరఖాస్తు ఆపొద్దు. ఆధార్ మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ఇంటి దస్తావేజు నకలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇస్తారు. పేరు చేర్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగినా, ఫోన్ చేసి ఓటీపీ చెప్పమన్నా ఇవ్వకండి. ఈ సాయానికి ఏ దశలోనూ ఫీజు లేదు.