యోగాలో ఇన్ని రకాలున్నాయి కదా, మనకి ఏది సెట్ అవుతుందో ఎలా తెలుసుకోవాలి?

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మన తెలుగోళ్లు యోగాలో చేరదామనుకోగానే ముందు అడిగేది "హఠయోగమా, అష్టాంగనా, పవర్ యోగానా, ఏది మంచిదండి?" అని. నన్నడిగితే అది తర్వాత అడగాల్సిన ప్రశ్న. పొద్దున్నుంచి రాత్రి దాకా మీ ఒళ్లు ఎలా వాడుకుంటున్నారో అది ముందు చూసుకోవాలి.

మొదట మీ రోజుని చూసుకోండి

మా వీధిలో పట్టుచీరలు నేసే పెద్దాయన ఒకాయన ఉన్నారు, గుంట మగ్గం మీద కూర్చుంటే కాళ్లు గుంటలో, నడుం ముందుకి, మెడ కిందకి, చెయ్యి మాత్రం నాడె విసురుతూ ఉంటుంది, సాయంత్రానికి లేచి నిలబడాలంటే గోడ పట్టుకోవాలి. ఆయన్ని వాళ్లబ్బాయి ఓ క్లాసుకి తీసుకెళ్తే అక్కడ వరసగా పశ్చిమోత్తానాసనం, పాదహస్తాసనం. బయటికొచ్చి ఆయనన్న మాట: "పొద్దస్తమానం వంగే ఉంటాను, ఇక్కడ కూడా వంగమంటాడేట్రా!" కరెక్టే కదా. అలాంటి ఒంటికి ఛాతీ తెరిచే ఆసనాలు కావాలి, భుజంగాసనం, శలభాసనం, సేతుబంధాసనం లాంటివి, అవి కూడా మెల్లగా, ఊపిరి బిగబట్టకుండా. ముందుకి వంగేవి తర్వాత, కొద్దిగా, మోకాళ్లు సడలించి.

బరంపురం గిరి మార్కెట్లో కొట్టు దగ్గర రోజంతా నిలబడేవాళ్ల సంగతి వేరు, వాళ్లకి గోడకి కాళ్లు ఎత్తి పెట్టి పడుకుంటేనే సగం ప్రాణం లేచొస్తుంది. కంప్యూటర్ ముందుండేవాళ్లు భుజాలు, మెడ చూసుకోవాలి. కాబట్టి ఓ కాగితం మీద ఎక్కడ నొప్పి, ఏ టైంకి నొప్పి, ఎంతసేపు కూర్చుంటున్నాం, ఎంతసేపు నిలబడుతున్నాం అని రాసుకోండి.

డాక్టర్‌ని అడగాల్సినవి దాచుకోవద్దు

బీపీ ఎక్కువున్నవాళ్లు శీర్షాసనం (తల కింద, కాళ్లు పైకి) జోలికి వెళ్లొద్దు, కపాలభాతి (పొట్ట లోపలికి లాగుతూ ఊపిరి గబగబా బయటికి కొట్టడం) స్పీడుగా చెయ్యొద్దు, ఊపిరి బిగబట్టొద్దు. గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉంటే తలకిందులయ్యే ఆసనాలేవీ వద్దు. హెర్నియా, డిస్క్ ప్రాబ్లం, ఈమధ్య ఆపరేషన్, కడుపుతో ఉండటం, వీటిలో ఏది ఉన్నా డాక్టర్‌ని అడిగాకే చేరండి, చేరాక టీచరుకీ చెప్పండి.

ఇప్పుడు రకాలు

ఇవి వేర్వేరు మతాల్లా ఏమీ కాదు, చాలావాటికి మూలం ఒక్క చోటే ఉంది. 1930ల్లో మైసూరు ప్యాలెస్‌లో కృష్ణమాచార్య గారు యోగా నేర్పేవారు, ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే పట్టాభి జోయిస్, బీకేఎస్ అయ్యంగార్. గురువు ఒకరే, దారులు మాత్రం రెండూ రెండు వైపులు.

జోయిస్ గారిది అష్టాంగ విన్యాస. ఆసనాల వరస ఫిక్స్, ఊపిరితో పాటు ఒకదాన్నుంచి ఇంకోదానికి ఆగకుండా వెళ్లిపోవాలి, మొదటి సిరీస్ పూర్తిగా చేస్తే గంటన్నర దాకా పడుతుంది, వారానికి ఆరు రోజులు. వయసులో ఉండి, ఒళ్లు వంగేవాళ్లు, రోజూ ఒకే పని చేసినా బోర్ కొట్టనివాళ్లకి బాగుంటుంది. పవర్ యోగా అని బోర్డులు పెట్టేది ఎక్కువగా దీని తమ్ముడే.

అయ్యంగార్ గారు చిన్నప్పుడు బాగా జబ్బు మనిషి, కృష్ణమాచార్య ఆయనకి బావగారు, అందుకే మైసూరు చేరారు. తర్వాత పుణెలో స్థిరపడి, 1975లో అక్కడే ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. ఈ పద్ధతిలో ఒక క్లాసులో చేయించే ఆసనాలు తక్కువ, ఒక్కోదాంట్లో ఉండే టైం ఎక్కువ, మడమ ఎక్కడుంది, మోకాలు ఎటు తిరిగింది అని అంగుళం అంగుళం చూస్తారు. వంగలేకపోతే బెల్టు, చెక్క దిమ్మ, కుర్చీ, దుప్పటి వాడిస్తారు. మా మగ్గం పెద్దాయన లాంటివాళ్లకి, కీళ్ల నొప్పులవాళ్లకి నా ఓటు దీనికే. ఈ పద్ధతి ట్రైనింగ్ ఉన్న టీచర్ మీ ఊళ్లో దొరక్కపోయినా ఆ పద్ధతి తెలిసినవాళ్లు చూపిస్తే ఇంట్లో పాత చున్నీ, పీట, గోడ చాలు.

శివానంద పద్ధతిలో 12 ముఖ్య ఆసనాలు, మధ్యమధ్యలో శవాసనం, ప్రశాంతంగానే ఉంటుంది, కాకపోతే వరసలో శీర్షాసనం ముందే వస్తుంది, బీపీవాళ్లు అది వదిలెయ్యాలి. పెద్దవాళ్లకైతే ముంగేర్‌లోని బీహార్ స్కూల్ వాళ్ల పవనముక్తాసన సిరీస్: కాలివేళ్లు, చీలమండలు, మోకాళ్లు, మణికట్టు, మెడ ఒక్కొక్కటిగా కదిలించడమే, మంచం మీద కూర్చుని కూడా చేసుకోవచ్చు, మా ఇళ్లల్లో అమ్మమ్మలకి ఇంతకంటే వద్దు. యిన్ యోగా అంటే ఒక్కో భంగిమలో మూడు నాలుగు నిమిషాలు కదలకుండా ఉండటం, ఓపిక కావాలి.

హాట్ యోగా గురించి అడుగుతారు. గదిని 40 డిగ్రీల దాకా వేడిచేసి ఆసనాలు చేయిస్తారు. మే నెలలో మన బరంపురం ఉక్కపోతలో కరెంటు పోయినప్పుడు అది ఫ్రీగానే వస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు.

ఇవేవీ తేల్చుకోలేకపోతే జూన్ 21న యోగా డే రోజు చేయించే, కేంద్ర ఆయుష్ శాఖ వాళ్లు తయారుచేసిన ప్రోటోకాల్‌తో (అందరికీ ఒకే వరస) మొదలెట్టండి. 2015 నుంచి ఏటా చేస్తున్నదే, 45 నిమిషాలు, వార్మప్, తేలిక ఆసనాలు, కపాలభాతి, ప్రాణాయామం, ధ్యానం అన్నీ కొంచెం కొంచెం ఉంటాయి.

డబ్బు కట్టేముందు ఒక క్లాసు చూడండి

మొత్తం ఏడాది ఫీజు ముందే అడిగితే ఆగండి. టీచరు మీ జబ్బుల గురించి అడిగారా? ఎదురుగా నిలబడి తను చేసుకుపోతున్నారా, లేక మధ్యలో తిరిగి చూస్తున్నారా? నొప్పి అంటే ఆపమన్నారా, "ఇంకొంచెం, ఇంకొంచెం" అని వీపు మీద నొక్కారా? అలా నొక్కే టీచరు ఎంత పేరున్న పద్ధతి చెప్పినా వద్దు. మంచి టీచరు దొరికితే పద్ధతి రెండో నంబరు అయినా పర్లేదు.

శ్రీకాకుళం వైపు నుంచి కొత్తగా కోడళ్లుగా వచ్చినవాళ్లు "క్లాసు ఒడియాలో కదా, అర్థం కాదేమో" అని వెనకాడతారు, అక్కర్లేదు, ఆసనాల పేర్లు ఎక్కడైనా అవే, మొదట్లో పక్కావిడని చూసి చేసెయ్యండి.

టైమింగ్, తిండి

పూర్తి భోజనం చేస్తే మూడు నాలుగు గంటలు ఆగాలి. పొద్దున్న చద్దన్నం, పఖాళ తినేవాళ్లు క్లాసు అయ్యాకే తినండి. ఓ నెల అలా చేసి మళ్లీ ఆ కాగితం తీయండి, నొప్పి తగ్గిందా, నిద్ర పడుతోందా అని చూడండి. కండరం కొద్దిగా పట్టేసినట్టుంటే మామూలే, కీలులో పోటు గానీ, కాల్లోకి దిగే తిమ్మిరి గానీ ఉంటే ఆ ఆసనం ఆ రోజే ఆపేసి డాక్టర్ దగ్గరికెళ్లండి, క్లాసు మారడం సంగతి ఆ తర్వాత.