వెక్టార్ల తీసివేత: బాణాలు పక్కన పెట్టి, కాంపోనెంట్లతో

వెక్టార్ల (అంటే పరిమాణంతో పాటు దిశ కూడా ఉండే రాశుల) తీసివేత అనగానే చాలామంది బాణాలు గీసి, రెండోదాన్ని తిరగేసి, తోకకు తల అతికించి, తీరా జవాబు గీత ఎక్కణ్ణుంచి ఎక్కడికి గీయాలో తెలియక ఆగిపోతారు. బొమ్మ వద్దనను, దిశ సరిచూసుకోడానికి పనికొస్తుంది. కానీ జవాబు తేలాలంటే కాంపోనెంట్లుగా, అంటే ఎక్స్, వై భాగాలుగా విడగొట్టడమే తేలిక, అప్పుడు మిగిలేది రెండు మామూలు తీసివేతలే.

ఒక లెక్క చేసేద్దాం. పి వెక్టార్ పరిమాణం 10, కోణం 30 డిగ్రీలు. క్యూ పరిమాణం 8, కోణం 120 డిగ్రీలు. పి − క్యూ కావాలి.

పరిమాణాన్ని కోణం కాస్‌తో గుణిస్తే ఎక్స్ భాగం, సైన్‌తో గుణిస్తే వై భాగం. కోణాన్ని ధన ఎక్స్ అక్షం నుంచి అపసవ్య దిశలో కొలిస్తేనే సుమా, వై అక్షంతో కోణం ఇచ్చి ఉంటే ముందు దాన్ని మార్చుకోండి. క్యాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందో రేడియన్లలో ఉందో కూడా ఓసారి చూడండి.

పికి 8.66, 5 వస్తాయి. క్యూకి −4, 6.93. క్యూ బాణం ఎడమవైపు వాలి ఉంది కాబట్టి ఆ మైనస్.

ఎక్స్: 8.66 − (−4) = 12.66
వై: 5 − 6.93 = −1.93

మార్కులు పోయేది ఎక్కువగా ఆ మొదటి లైన్లోనే. బ్రాకెట్ పెట్టడానికి బద్ధకించి 8.66 − 4 అని రాసేస్తే 4.66 వస్తుంది, ఇక కింద ఎంత జాగ్రత్తగా చేసినా లాభం లేదు. కాబట్టి రుణసంఖ్య కనిపిస్తే చాలు, బ్రాకెట్ పెట్టేయండి.

పరిమాణానికి రెండింటినీ వర్గం చేసి, కలిపి, వర్గమూలం తీయండి: 12.81. మన లెక్కలో పి, క్యూల మధ్య కోణం సరిగ్గా 90 డిగ్రీలు కాబట్టి పైథాగరస్‌తో సరిచూసుకోవచ్చు. 100, 64 కలిపితే 164, దాని వర్గమూలమూ 12.81.

కోణం దగ్గర క్యాలిక్యులేటర్‌ని గుడ్డిగా నమ్మకండి. −1.93ని 12.66తో భాగించి టాన్ ఇన్వర్స్ కొడితే −8.7 డిగ్రీలు వస్తుంది. ఎక్స్ ధనం, వై రుణం, అంటే బాణం నాలుగో పాదంలో ఉంది, కాబట్టి సరే. ఇప్పుడు క్యూ − పి చేసి చూడండి, భాగాలు −12.66, 1.93. క్యాలిక్యులేటర్ మళ్ళీ అదే −8.7 చూపిస్తుంది! భాగించేటప్పుడు గుర్తులు కలిసిపోతాయి కాబట్టి దానికి తేడా తెలియదు. ఈ బాణం రెండో పాదంలో ఉంది, 180 కలిపితే అసలు కోణం 171.3 డిగ్రీలు. ఎక్స్ భాగం రుణమైతే 180 కలపాలని గుర్తుంచుకుంటే చాలు.

మూడు కొలతల్లో అయితే జెడ్ భాగాలు కూడా ఇలాగే తీసేయడమే, కొత్త చిక్కేమీ లేదు.