జలాశయం లెక్క – 3వ పాఠం: ఇంకెన్ని రోజులకు నీళ్లున్నాయి?

కిందటి పాఠంలో గేజి స్కేలు చదివి, కెపాసిటీ టేబుల్‌లో ఆ మట్టానికి ఎదురుగా ఉన్న నిల్వను చూడడం నేర్చుకున్నాం. ఈసారి ఆ నిల్వను రోజుల్లోకి మారుద్దాం. వానల్లేని చోట ఎవరైనా అడిగేది అదే కదా.

ముందు అందని నీళ్లను తీసెయ్యాలి. అన్నిటికన్నా కింది తూముకు దిగువన ఉన్నది డెడ్ స్టోరేజి. కంటికి కనిపిస్తుంది, కుళాయికి రాదు. అమెరికాలో హూవర్ డ్యామ్ కట్టిన లేక్ మీడ్ జలాశయం నిండితే మట్టం సముద్రమట్టానికి దాదాపు 1,229 అడుగుల ఎత్తున ఉంటుంది. అది 895కు పడితే హూవర్ డ్యామ్ దాటి నీళ్లు కిందికి పారవు, డ్యామ్ వెనక ఇంకా బోలెడు ఉన్నా సరే. 2018లో కేప్‌టౌన్ నగరం కూడా కుళాయిలు కట్టేసే రోజుకు గీత గీసింది డ్యాముల నిల్వ 13.5 శాతం దగ్గర, సున్నా దగ్గర కాదు. అందుకే ‘నిల్వ ఇంత శాతం’ అని ఎవరైనా చెబితే, అందులో డెడ్ స్టోరేజి కలిసి ఉందా అని ముందు అడగండి.

ఇప్పుడు ఒక లెక్క. ఇది ఊహించుకున్న జలాశయం. వాడుకోదగ్గ నిల్వ 180 లక్షల ఘనమీటర్లు, ఊరికి రోజూ తోడేది 1 లక్ష. 180 రోజులు వస్తాయనిపిస్తుంది. తొందరపడకండి.

నీటి విస్తీర్ణం 20 చదరపు కిలోమీటర్లు అనుకుందాం. నెలలో మట్టం 39 సెంటీమీటర్లు తగ్గింది, పైనుంచి చుక్క రాలేదు. 20 చ.కి.మీ. మీద 1 సెంటీమీటరు అంటే 2 లక్షల ఘనమీటర్లు. కాబట్టి పోయినవి 78 లక్షలు. ఊరు వాడుకున్నది 30 లక్షలే. మిగతా 48 లక్షలు ఏమయ్యాయి?

ఎండకు ఎంత నీరు ఆవిరవుతోందో కొలవడానికి నీళ్లు పోసి ఆరుబయట పెట్టే పళ్లెం ఆవిరి పాన్. అందులో రోజుకు 10 మిల్లీమీటర్లు తగ్గుతోందనుకోండి. చిన్న పాన్ పెద్ద జలాశయంకన్నా ఎక్కువ వేడెక్కుతుంది కనుక సుమారు 0.7తో గుణిస్తాం. రోజుకు 7, నెలకు 210 మిల్లీమీటర్లు, అంటే 42 లక్షల ఘనమీటర్లు. ఊరు తాగినదానికంటే ఎండ తాగిందే ఎక్కువ!

ఇంకా 6 లక్షలకు లెక్క తేలలేదు. ఇంకుడు కావచ్చు, మీటరు లేని మోటార్లు కావచ్చు. పూడిక పేరుకుని టేబులూ, విస్తీర్ణమూ పాతబడిపోయి ఉండవచ్చు. అయితే 6 లక్షలంటే ఇక్కడ 3 సెంటీమీటర్లే. గాలి ఒక ఒడ్డుకు నీళ్లను తోసినా స్కేలు మీద ఆ మాత్రం తేడా వస్తుంది. దొంగలను వెతికేముందు, గాలి లేని వేళ, రోజూ ఒకే సమయానికి గేజి చదివారా అన్నది చూసుకోండి. నా అనుమానం ఎప్పుడూ ముందు స్కేలు మీదే.

మొత్తంమీద రోజుకు తగ్గేది 2.6 లక్షలు. 180ని దాంతో భాగిస్తే దాదాపు 69 రోజులు. మట్టం తగ్గేకొద్దీ విస్తీర్ణం కుంచించుకుపోయి ఆవిరీ తగ్గుతుంది కాబట్టి కొన్ని రోజులు కలిసి రావచ్చు. ఎన్నని ఇప్పుడే చెప్పలేం. వారం వారం టేబుల్‌లో కొత్త విస్తీర్ణం తీసుకుని మళ్లీ లెక్కగట్టాలి.

అభ్యాసం: విస్తీర్ణం 12 చ.కి.మీ.కి తగ్గింది, వాడుకోదగ్గ నిల్వ 60 లక్షలు. తోడకం, పాన్ రీడింగు మారలేదు. లెక్క తేలని నష్టాన్ని పక్కన పెట్టి రోజులు కట్టండి. 32, 33 మధ్య వస్తే సరి. వచ్చే పాఠం వాగునుంచి వచ్చే నీటిని కొలవడం గురించి.