అరిగిన నాణేనికి గ్రేడ్ వేసే ముందు

నెల్లూరులో తాతల నాటి ట్రంకుపెట్టెలో విక్టోరియా రూపాయో, 1835 నాటి ఈస్టిండియా కంపెనీ పావు అణానో దొరికితే దయచేసి చింతపండు పెట్టి తోమకండి, ఆ పాత రంగు ఒకసారి పోతే మళ్లీ రాదు, విలువా పడిపోతుంది.

అంచులు పట్టుకునే చూడండి. కింద మెత్తటి గుడ్డ పరవండి.

ట్యూబులైటు కింద కాదు, పొద్దున వరండాలోకి ఏటవాలుగా పడే ఎండలో నాణేన్ని మెల్లగా తిప్పుతూ చూస్తే, లేదనుకున్న సంవత్సరంలో ఒక 8 నీడలా తేలుతుంది.

వెండి రూపాయి కొత్తలో 11.66 గ్రాములు, అరిగింది కొంచెం తగ్గాలి, మరీ తగ్గితే అనుమానించండి.

గ్రేడుల్లో, అంటే నాణెం ఎంత అరిగిందో చెప్పే స్థాయిల్లో, 'గుడ్' అంటే బాగుందని కాదు, బాగా అరిగి బొమ్మ ఆకారం మాత్రమే మిగిలిందని. అంచు కూడా అరిగి అక్షరాల్లో కలిసిపోతే ఇంకా కింది గ్రేడే.

మెడలో వేసుకోవడానికి కొక్కెం అతికించిన మచ్చ, చిల్లు ఉంటే అది అరుగుదల కాదు, దెబ్బ, విడిగా రాయండి.